సర్కారువారి రుబ్బురోలు

ఆ రోజుల్లో ఢిల్లీలో పాత వస్తువుకు రెండే గతులుండేవి. మరీ పాతదైతే సర్కారు పట్టుకుపోయేది, కాస్త పాతదైతే పాతసామాన్లు కొనే కబాడీవాడు పట్టుకుపోయేవాడు. ఆ రెండింటికీ మధ్య ఇరుక్కుపోయింది నా రుబ్బురోలు. నాకు చదువు పెద్దగా లేదు. సంతకం పెడతాను, బస్సు మీద నంబరు చదువుతాను, అంతకు మించి అడక్కండి. (నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. మధ్యలో నవ్వితే ఊరుకోనని ముందే చెప్పాను.) నాలాంటిదాన్ని ప్రొఫెసరుకిచ్చి చేశారంటే అది మేనరికం మహిమ. మేనత్త కొడుకు, మా బావ, మ్యూజియంలో క్యూరేటరు. తవ్వకాల్లో దొరికినవన్నీ ఆయన చేతుల మీదుగానే లోపలికి పోయేవి. పై చదువుల పిల్లలకు అక్కడే పాఠాలు కూడా చెప్పేవాడు. పోయిన మనిషి మీద చాడీలు చెప్పకూడదు గానీ, వెయ్యేళ్ల లోపు వాళ్లతో మాట్లాడటం ఆయనకు అంతగా అలవాటు లేదు.

నన్ను కాపురానికి తీసుకెళ్లిన ఏడాది, బావ మా ఊరి దగ్గర ఏటిగట్టు దిబ్బను తవ్వించాడు. పని అయిపోయాక కుండపెంకులూ రాళ్లూ పెట్టెల్లో సర్ది లారీలో ఢిల్లీకి పంపాడు. మేమిద్దరం రైలెక్కాం. మా నాన్నకు ఒకటే దిగులు, "పిల్ల అంత దూరాన పిండెట్టా రుబ్బుకుంటది?" అని. అల్లుడితో చెబితే వద్దంటాడని, నా రుబ్బురోలూ పొత్రమూ గోనెసంచిలో చుట్టి, డ్రైవరును మంచి చేసుకుని, ఆ పెట్టెల మధ్యనే ఎక్కించేశాడు. మేం ఢిల్లీలో దిగి క్వార్టరులో పాలు పొంగించుకునేలోపు లారీ మ్యూజియం చేరింది. అక్కడివాళ్లు గోనె విప్పి, రోలును కుంచెతో దులిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, దాని నడుం మీద తెల్లరంగుతో నంబరు వేసి అరలో కూర్చోబెట్టారు. పెళ్లిలో నన్ను కూడా అంత శ్రద్ధగా ముస్తాబు చేయలేదు.

"బావా, నా రోలేదీ?" అన్నాను మర్నాడు.

"ఏ రోలు?"

"నాన్న లారీలో వేశాడుగా."

బావ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "సర్కారు లారీలోనా?"

"చోటుందంట."

"మామయ్య నా ఉద్యోగానికి నీళ్లొదిలాడే!" అని తల పట్టుకున్నాడు. సంగతేమిటంటే, రోలు మాదని చెబితే సర్కారు బండిలో సొంత సామాను తెచ్చినందుకు బావకు మెమో ఇస్తారు. చెప్పకపోతే అది పురావస్తువు, గుమ్మం దాటదు. పైగా మ్యూజియంలో అందరికంటే పైనుండే పెద్ద సారుకు బావంటే పడదు. ఎక్కడ దొరుకుతాడా అని కాచుకుని ఉన్నాడు. "మెమోనే తెచ్చుకో బావా, రోలు మాత్రం నాకు తెచ్చివ్వు" అన్నాను. అమ్మ చేతి కింద పిండి రుబ్బడం నేర్చుకున్న రోలది. ఢిల్లీలో నాకు తెలిసిన మొహం అదొక్కటే. బావ అబద్ధం ఆడలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. ఆ రెండింటి మధ్య ఉన్నదాన్ని చదువుకున్నవాళ్లు 'పరిశీలనలో ఉంది' అంటారట. రోలు వయసు తేల్చడానికి ఒక కమిటీ కూడా వేశారు.

పరిశీలన జరిగినన్నాళ్లూ నేను మిక్సీతో తిప్పలు పడ్డాను. కరోల్ బాగ్ దాకా వెళ్లి మంచి మినప్పప్పు తెచ్చినా, కరెంటుంటే మిక్సీ వేడెక్కేది, మిక్సీ చల్లగా ఉంటే కరెంటుండేది కాదు. బావకు గారెలంటే ప్రాణం. ఒకటి కొరికి చూసి, "ఇది కూడా కమిటీకి పంపొచ్చు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు గానీ ఆయనకు నా రోలు విలువ తెలియలేదు.

ఇక కమిటీ. అందులో ఒకాయన మెడలో భూతద్దం వేసుకుని తిరుగుతాడు, లెన్సు సారు అనేవాళ్లం. ఆయన రోలు చుట్టూ ప్రదక్షిణం చేసి, "తీన్ హజార్ సాల్ పురానా" అన్నాడట, అంటే మూడు వేల ఏళ్లదని. వేరే ఏదో మ్యూజియంలో నాలుగు వేల ఏళ్ల రోలుంది, మనది తగ్గితే పరువేం కానని పెద్ద సారు దాన్ని ఐదు వేలకు లాగాడట. లంగాఓణీ వయసులో నేను దగ్గరుండి కొనిపించుకున్న రోలది! ఆ లెక్కన నా వయసెంతో మీరే చెప్పండి. చివరికి లెన్సు సారే, రాయి ఎలా అరుగుతుందో తెలియాలంటే రుబ్బించి చూడాలన్నాడు. ఎవరు రుబ్బుతారు? బావ పైకప్పు వంక చూస్తూ, "నాకు తెలిసిన ఒకావిడ ఉంది" అన్నాడట. (ఏడడుగులు నడిచిన పెళ్లాం తెలిసిన ఒకావిడ అయిపోయింది!)

అలా నేను నానబెట్టిన పప్పు గిన్నెతో బస్సెక్కి మ్యూజియానికి వెళ్లాను. కొంగు దోపి పొత్రం పట్టుకోగానే కాపలా భయ్యా మెల్లగా రుబ్బమంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీజీ, ధీరే ధీరే! సర్కారీ మాల్ హై!"

"రోలు సర్కారుదైతే కానీ భయ్యా, పప్పు తో మేరా హై!" అన్నాను.

బావ క్లాసు పిల్లలు గొల్లున నవ్వారు. బావ మాత్రం నన్నెప్పుడూ చూడనట్టే నిలబడి, "గమనించండి, కుడి చెయ్యి తిప్పుతుంది, ఎడమ చెయ్యి తోస్తుంది" అని పాఠం చెప్పాడు. అంతా అయ్యాక పెద్ద సారుకు ధర్మసందేహం వచ్చింది, ఈ పిండి ఎవరిదని. కమిటీ అక్కడికక్కడే కూర్చుని, పిండి పురావస్తువు కాదని తేల్చింది. ఆ పూట మా ఇంట్లో గారెలు పొంగినట్టు ఢిల్లీలో మరెక్కడా పొంగి ఉండవు.

ఒక్కసారికి రాయి ఏం అరుగుతుంది? మళ్లీ రమ్మన్నారు, మళ్లీ వెళ్లాను. లెన్సు సారు ఇంటి నుంచి నానబెట్టిన పప్పు తెచ్చి, "ఆంటీజీ, ఇది వేరే రకం పప్పు, దీనికీ అరుగుదల చూడాలి" అన్నాడు. వాళ్లావిడ దహీ భల్లాలు, అంటే వాళ్ల పెరుగు గారెలు, చేస్తుందని తర్వాత తెలిసింది. పెద్ద సారింటి గిన్నె కూడా వచ్చింది. ఐదు వేల ఏళ్ల చరిత్ర అలా పిండిమర అయిపోయింది. నేను రుబ్బుతూ రుబ్బుతూ, పిండి ఎప్పుడు పొంగుతుందో, నీళ్లెప్పుడు చిలకరించాలో, వచ్చీరాని హిందీలో గట్టిగా చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు. "ఆంటీజీ, ఫిర్ సే బోలియే" అని ఒకమ్మాయి అడిగితే నా తల తిరిగిపోయింది. అంతవరకూ నా మాట రెండోసారి అడిగినవాళ్లు లేరు.

ఒక సాయంత్రం బావ ఆటోలోంచి దిగి కేకేశాడు. "నీ రోలు విడుదలైందే! అరుగుదల చూస్తే కొత్త రాయేనట, పురావస్తువు కాదని తేల్చేశారు. కావాల్సినవాళ్లు పట్టుకుపోవచ్చట. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు, మెమో లేదు, గిమో లేదు. పద, తెచ్చుకుందాం."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇన్నాళ్లూ దానికోసమేగా ఏడ్చాను! తెచ్చుకుంటే వంటింటి మూల పెట్టుకుని, గోడకేసి చూస్తూ నేనొక్కదాన్నే రుబ్బుకోవాలి.

"కదలవేం?" అన్నాడు.

"బాగా అరిగిందా బావా?" అన్నాను. "నాకైతే ఇంకా అరగాలనిపిస్తోంది."

బావ నా మొహంలోకి చూశాడు. వెయ్యేళ్ల లోపు మనిషిని ఆయన అంత సేపు పరిశీలించడం అదే మొదటిసారి. ఆటోవాణ్ని పంపేశాడు. మర్నాడు వెళ్లి, "అరుగుదల ఇంకా చాలలేదు, ప్రయోగం సాగాలి" అన్నాడట. గిన్నెల మొహం చూసి కమిటీ ఒక్క గొంతుతో ఒప్పుకుంది.

ఇప్పుడు ఘాజియాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో మీట నొక్కితే పిండి నలిగే యంత్రం ఉంది. అది తిరుగుతుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది. మోచేతుల దాకా పిండితో, మొగుడి క్లాసులో, మొగుడి కంటే పెద్ద గొంతుతో పాఠం చెప్పిన ఆ పిచ్చిదాన్ని ఎవరైనా "నువ్వెవరమ్మా ఇక్కడ?" అని అడిగి ఉంటే, పొత్రం ఆపకుండానే "ప్రొఫెసర్ని" అని ఉండేది.