మంచినీళ్లకు మూసుకుపోయిన రాయి

నా పేరు గవర్రాజు. పద్మనాభం దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను. అయినా మల్కాపురంలో చమురు పరీక్షలు చేసే ల్యాబులో ముప్పై రెండేళ్లు అటెండరుగా పనిచేశాను. నా చేతిలో ఒక్క గాజు గొట్టం పగల్లేదు. ప్రెషర్ మీటరు ముల్లు కదిలే తీరు చూసి ఎక్కడ లీకవుతోందో చెప్పేవాణ్ని. ఇద్దరు మేనేజర్లకు, పరీక్షకు పెట్టే రాయిని యంత్రంలో బిగించడం నేర్పాను. రిటైరైన రోజు శాలువా కప్పారు, నెల తిరక్కుండానే మళ్లీ రమ్మని కబురు పెట్టారు. చెప్పుకోదగ్గవే గనుక చెబుతున్నాను.

అలా మళ్లీ వెళ్లేసరికి అక్కడ సాయిదుర్గ డాక్టరేటు కోసం పరిశోధన చేస్తోంది. నా స్నేహితుడు, జాలరి నూకాలు కూతురు. భూమి లోపల చమురు మడుగులా నిలిచి ఉండదు, రాతి సందుల్లో అంటుకుని ఉంటుంది. నీళ్లు ఎక్కించి దాన్ని బయటికి తోస్తారు. సముద్రపు నీళ్లతో తోస్తే సగమే వస్తుంది. అవే నీళ్లలో ఉప్పు తగ్గిస్తే, రాతిలోని బంకమట్టి పట్టు సడలి ఇంకొంత చమురు వదులుతుందని దుర్గ నమ్మకం. చమురు బావి నుంచి తెచ్చిన రాతి ముక్కలు రెండే మిగిలాయి. శుక్రవారంలోగా ఫలితం చూపకపోతే ఆ పని ఆపేస్తామన్నారు పైవాళ్లు.

సముద్రపు నీళ్లు నూకాలే తెచ్చేవాడు. హార్బరు మురికి లేని చోటుకి పడవ మీద పోయి క్యాన్లు నింపుకొచ్చేవాడు.

"ఏటి బావా, సేపలొగ్గేసి నీళ్లకి వలేత్తన్నావా?" అన్నాను.

"నీళ్లైతే ఎప్పుడెళ్లినా దొరుకుతాయి బావా. సేపలకి ఆ గ్యారంటీ లేదు. మా గుంట డాట్రైతే సాలు."

"నాన్నా, నాను సూదులేసే డాక్టర్ని కాను," అంది దుర్గ.

"ఎయ్యకపోతే మానీ. బోర్డు మీద పేరుంటాది గదా!"

సోమవారం మొదటి రాతిలోకి సముద్రపు నీళ్లు ఎక్కించాం. సగం చమురు వచ్చి ఆగింది. మంగళవారం ఉదయం దుర్గ ఉప్పు పదో వంతుకు తగ్గించిన నీళ్లు పెట్టింది. కాసేపటికే ముల్లు పైపైకి పోయింది. అటువైపు చుక్క పడలేదు. రాయి మూసుకుపోయింది.

"ఈ రాయికి ఉప్పు తగ్గిత్తే పడదు మావయ్యా. అలాగే రాసి పంపేత్తాను," అంది. నోటుపుస్తకం ముందేసుకుంది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలిసిపోయింది. మధ్యాహ్నం దాకా గాజు సామాను కడుగుతూ గడిపాను. క్యారేజీ తెరిచి, మళ్లీ మూసేశాను. లేచి దుర్గ దగ్గరికి వెళ్లాను.

"దుర్గమ్మా, రాతిలోకి ముందెళ్లినవి నీ నీళ్లు కావు. నిన్న సాయంత్రం నాను రాతికి నీళ్లెళ్లే గొట్టం కడిగీసి, ఉప్పన్నదే లేని డిస్టిల్డ్ వాటర్‌తో నింపి ఉంచీసినాను."

"ఎవరు సెప్పారు నీకు?"

"ఎవరూ సెప్పలేదు. శుభ్రం కోసం ముప్పై రెండేళ్లుగా అలాగే సేత్తన్నాను."

"మరి పొద్దుటే సెప్పొచ్చు గదా!"

"పరువమ్మా."

ఆ పిల్ల తిడుతుందనుకున్నాను. కుర్చీలోంచి లేచింది.

"ఉప్పు బొత్తిగా లేకపోతే రాతిలో మట్టి ఉబ్బిపోద్ది మావయ్యా! సందులు మూసీసినాది అదే! ఇన్నాళ్లూ నువ్వు బిగించినవి మట్టి లేని రాళ్లు."

"మా పొలమూ అంతే. ఎండకి బీటలిచ్చిన బంకనేల తొలి వానకి ఉబ్బి మూసుకుంటాది."

అప్పటిదాకా రాసింది కొట్టేసి, జరిగింది రాయబోయి ఆగింది.

"నీ పేరు రాయనా, వద్దా?"

"రాయి. శాలువా కప్పినప్పుడు నా పేరే పిలిచారు గదా."

బుధవారం రెండో రాయి బిగించి సముద్రపు నీళ్లు ఎక్కించాం. దీన్లోంచీ సగం చమురే వచ్చి ఆగింది. గురువారం గొట్టాన్ని దుర్గ కలిపిన నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నింపాను. ముల్లు నిలకడగా ఉంది. గంటసేపు ఉత్త నీళ్లే పడ్డాయి. నూకాలు గుమ్మంలో నిలబడి గొణుగుతున్నాడు: "నా సముద్రానికి మచ్చ తేకండర్రా." పదకొండు దాటాక గాజు గొట్టంలో నల్లటి బొట్టు తేలింది. దాని వెనక ఇంకోటి. సాయంత్రానికి, రాతిలో మొదట ఉన్న చమురులో నూటికి ఏడు వంతులు అదనంగా వచ్చింది.

శుక్రవారం దుర్గ రెండు రాళ్ల సంగతీ పైవాళ్ల ముందు పెట్టింది. మూసుకుపోయిన రాయి గురించే ఎక్కువ అడిగారట. ఉప్పు ఎంతవరకు తగ్గించవచ్చో తేల్చమని ఇంకో ఆరు రాళ్లు పంపుతున్నారు. కుళాయి పైన నేను కాగితం అంటించాను: "ఈ గొట్టం మంచినీళ్లతో కడగరాదు. – గవర్రాజు."