పార్సల్ వద్దు

ఆదిలాబాద్‌లో నాకు చుట్టాలు లేరు. అక్కడ రాయాల్సిన పరీక్ష లేదు, వెళ్లాల్సిన పెళ్లి లేదు. ఊరు చూద్దామని వచ్చాను, అంతే. ఈ మాట మందమర్రిలో మా అవ్వ నమ్మలేదు. పత్తి మార్కెట్ వెనక గల్లీలో నాకు మేడ మీది గది అద్దెకిచ్చిన ఇంటావిడా నమ్మలేదు. ఆమెను గల్లీలో అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తారు. "సూడనీకి ఏమున్నది బేటా ఈడ, చలి తప్ప?" అంటూ తాళంచెవి ఇచ్చింది.

చలి మాట నిజమే. పొద్దు వాలేసరికి మార్కెట్ ముందు పత్తి ట్రాలీలు వరుస కట్టేవి. దూది పింజలు ఎగిరొచ్చి చున్నీకి అంటుకునేవి. గల్లీ మలుపులో ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసేది. అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేసి, కాస్త కాలాక నిప్పుల పక్కన నిలబెడితే రొట్టె ఉబ్బి పైకి లేచేది. దానికి ఎల్లిపాయ కారం, శెనగపిండితో వండిన పిట్ల. పొయ్యి ముందు ఒకటే పొడవాటి బల్ల. పత్తి తెచ్చిన రైతులూ మార్కెట్ హమాలీలూ భుజాలు రాసుకుంటూ దాని మీద కూర్చుని తినేవాళ్లు.

మొదటి సాయంత్రం నేను వెళ్లి నిలబడగానే ఆమె "పార్సలా?" అంది. తలూపాను. ఎవరేం అడిగినా ముందు తలూపడం, ఆలోచన తరవాత చేయడం నాకు అలవాటు. పేపర్లో చుట్టిన రొట్టెలు గదికి తెచ్చి విప్పేసరికి నడుమ చెమర్చి, అంచులు అట్టల్లా బిగిశాయి. పేపరు మాత్రం పూర్తిగా చదివాను, సగంలో చిరిగిపోయిన వార్తతో సహా. మరునాడూ అదే మాట అడిగింది, నేనూ అలాగే తలూపాను. కానీ ఆ రోజు పక్కన నిలబడి విన్నాను. నా ముందూ వెనకా వచ్చిన మగవాళ్లను ఆమె పార్సలా అని అడగలేదు. "ఎన్ని?" అని అడిగింది.

గట్టి రొట్టె నములుతుంటే ఆ రెండు మాటలే నోట్లో తిరిగాయి. జొన్నరొట్టె పొయ్యి మీంచి తీసినప్పుడే తినాలి. ఆ వేడి గది దాకా రాదు. నాకు మాత్రం చల్లారిందే చాలని ఎవరు చెప్పారు?

మూడో రోజు బయల్దేరుతూ, అక్కడే కూర్చుని తింటానని ఖాలాతో చెప్పాను. ఆమె కంగారు పడింది. మగోళ్లు కూసునే జాగా అది, నేను తెప్పిస్త, ఒక్కదానివి రోడ్డు మీద తింటే నలుగురు సూస్తరు అంది. చూడనీ అన్నాను. మెట్లన్నీ దిగాక అన్నాను.

"పార్సలా?"

"కాదు. ఈడనే తింట."

గదిలో సాధన చేసినదానికన్నా గొంతు గట్టిగా వచ్చింది. బల్ల చివర ఖాళీ ఉంటే కూర్చున్నాను. పక్కనున్న హమాలీ పళ్లెం పట్టుకుని లేచాడు. అతని పక్కనున్నతను కూడా లేచాడు, తరవాత ఇంకొకరు. ఎవరూ చెడ్డమాట అనలేదు. మర్యాదకే లేచామన్నట్టు నిలబడి తింటున్నారు. అవతలి చివరనున్న ముసలాయన, లోపలికి పోయి కూసో బిడ్డా అన్నాడు. లోపల కట్టెలూ జొన్నల సంచులూ ఉన్నాయి, దీపం లేదు. ఈసారి తల అడ్డంగా ఊపాను.

రొట్టెలామె పిండి తట్టడం ఆపింది. "నువ్వొక్కదానివి కూసుంటే ముగ్గురు నిలబడ్డరు బిడ్డా. నా గిరాకి పోతది. జల్ది తిని పో."

ఆమె భయం ఆమెది. అది అర్థమైనా నా చెవులు వేడెక్కాయి.

"నిలబడుమని నేననలే అక్కా. బల్ల మీద ఇంక జాగున్నది."

ఎవరో నవ్వారు. నిలబడ్డవాళ్లలో ఒకతను, "గదీ నిజమే, మనల్ని ఆమె లెవ్వుమన్నదా?" అన్నాడు. అలా అన్నాడే గానీ కూర్చోలేదు. ఇంతలో రొట్టె వచ్చింది. తుంచితే లోపలి ఆవిరి వేళ్లకు చురుక్కుమంది. ఊదుకుంటూ తిన్నాను. ఒక్కటి తిని లేచిపోదామనే వచ్చాను. అందరూ నేను లేవడం కోసమే చూస్తున్నారని తెలిశాక ఇంకొకటి అడిగాను. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా తుంచుకుని, చివరి ముక్కతో పిట్ల తుడుచుకుని మరీ తిన్నాను.

మరునాడు పుస్తకం తీసుకుని వెళ్లాను. నేను కూర్చోగానే పక్కన మళ్లీ చోటు ఖాళీ అయింది. వాళ్లు వదిలేసిన జాగాను వృథా చేయడమెందుకని అక్కడ పుస్తకం తెరిచి, పేజీలు ఎగరకుండా నీళ్ల గ్లాసు పెట్టాను. కుడిచేతికి కారం, ఎడమచేతికి పేజీలు.

రొట్టెలామె తలెత్తకుండానే అడిగింది, "ఎన్ని?"

"రెండు."

మొదటిది సగమయ్యేసరికి నా ముందు ఎవరో వచ్చి నిలబడ్డారు. నిన్న మొదట లేచిన హమాలీ. చేతిలో పళ్లెం ఉంది, పిట్ల అంచు దాటబోతోంది.

"గా పుస్తకం జర తీస్తవా, కూసుంట."

పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నేను మాత్రం జరగలేదు.