నాలుగు గొంతుల పాట

రాధక్క అరిస్తే మోరిస్‌విల్‌లోని మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్ మొత్తం ఉలిక్కిపడేది. "బ్రేక్! బ్రేక్ అన్నానా, యాక్సిలరేటర్ అన్నానా?" ఇండియా నుంచి కొత్తగా దిగిన ఆడవాళ్లకి ఆవిడే డ్రైవింగ్ నేర్పేది. నేనూ ఆ తిట్లు తిన్నదాన్నే. కారు ఫుట్‌పాత్ ఎక్కించి ఏడుస్తుంటే, "ఏడుపు తర్వాత, ముందు రివర్స్ వెయ్యి దుర్గా" అంది. అలా మొదలైంది మా స్నేహం.

ఆవిడ పుట్టింది రాజమండ్రిలో. పెరిగింది ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో, నాన్న అక్కడ డాక్టరు. పెళ్లయ్యాక అమెరికా వచ్చింది. ఇదంతా మా అందరికీ తెలుసు. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక పంక్ బ్యాండులో పాడిందన్న సంగతి మాత్రం, గొంతులో క్యాన్సర్ అని తేలాకే నాకు చెప్పింది. నేను నోరెళ్లబెట్టాను.

"పాడటం కాదే, అరవటం. నీ మీద అరిచేదాన్ని చూడు, అలాగ."

ఆ బ్యాండు పేరు రస్టీ కెటిల్. ఈవిడతో కలిపి నలుగురు కుర్రకారు, అరువు తెచ్చిన డ్రమ్ములు. సర్కారు వద్దు, యుద్ధం వద్దు, లీడరు అసలే వద్దు అనే బాపతు. ఏ పని చేయాలన్నా నలుగురూ ఒప్పుకోవాల్సిందే. పాటలు అమ్మేవారు కాదు. ఎవరైనా ఖాళీ క్యాసెట్ పోస్టులో పంపితే, అందులోకి ఎక్కించి తిరిగి పంపేవారు. స్టాంపుల మీద సబ్బు రాసేవారట, ముద్ర కడిగేసుకుని అవతలివాళ్లు మళ్లీ వాడుకోవచ్చని.

"ఓసి దొంగమొహమా!" అన్నాను.

"ఉద్యమం అనవే."

ఇంకో రూలు కూడా ఉండేది. ఏ పాటలోనూ ఒకరి గొంతు ముందుండకూడదు, నలుగురూ కలిసే అరవాలి. పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది రాధక్కే. తర్వాత ఏదో కంపెనీ రికార్డు వేస్తామని వస్తే ముగ్గురూ సరే అన్నారు, ఈవిడ ససేమిరా అంది. ఏడాది తిరిగేసరికి బ్యాండు విడిపోయింది. తన దగ్గరున్న ఒక్క క్యాసెట్టూ ఇళ్లు మారడంలో ఎటో పోయింది.

ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. అంటే ఇక మాట ఉండదు. రాధక్క చావుకి భయపడలేదు కానీ ఒక్కదానికి తల్లడిల్లిపోయింది.

"నా కూతురు ఈ బొంగురు గొంతే నేననుకుంటుంది దుర్గా. ఆ వయసులో నా గొంతు అది ఒక్కసారి వినాలే."

కూతురు సాన్వి జెర్సీ సిటీలో ఉద్యోగం చేస్తోంది. పాత క్యాసెట్లు దాచుకునేవాళ్లందరికీ ఇంటర్నెట్‌లో మెసేజ్‌లు పెట్టింది. చివరికి బ్రాడ్‌ఫర్డ్ పక్కనే ఉన్న లీడ్స్‌లో ఒక పెద్దాయన దొరికాడు. కుర్రతనంలో ఖాళీ క్యాసెట్ పంపినవాళ్లలో ఆయనొకడు. పాటని కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపాడు. ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం సాన్వి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ముగ్గురం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం.

అబ్బబ్బ, ఏం గోల! డబ్బాల మోత మీద నాలుగు గొంతులు ఒకటై గుండెలదిరేలా అరుస్తున్నాయి. రాధక్క కళ్లు మెరిశాయి.

"అమ్మా, ఇందులో నువ్వు ఎవరు?" అంది సాన్వి.

రాధక్క చెవి దగ్గరపెట్టి వింది. "మళ్లీ పెట్టు." పెట్టింది. "ఇంకోసారి." ఆమె మొహం మెల్లగా పాలిపోయింది. తనూ పాటతో కలిసి పాడబోయింది, ఏ గొంతుతో కలుస్తుందో చూద్దామని. గరగరమని గాలి తప్ప ఏమీ రాలేదు.

"తెలియట్లేదే," అంది. "నేనెక్కడున్నానో నాకే తెలియట్లేదే సాన్వీ."

"ఇట్స్ ఓకే అమ్మా," అంటూనే ఆ పిల్ల భోరుమంది. నాకైతే ఆ రూలు మీద, ఆ దిక్కుమాలిన ఉద్యమం మీద ఒళ్లు మండిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్లకి ఒక్క పాటలో తన గొంతు తనకి ఉంటే ఎవరి సొమ్ము పోయింది?

మర్నాడు ఆపరేషన్ అయింది. ఇప్పుడు పార్కింగ్ లాట్‌లో ఏ అరుపులూ లేవు. సాయంత్రాలు నేను వెళ్తే, రాధక్క ఫోన్‌లో ఆ పాట పెట్టి నావైపు చూస్తుంది. నేను వేలు పైకెత్తి, "ఇదిగో, ఇది నువ్వే రాధక్కా" అంటాను. రోజుకో గొంతు చూపిస్తున్నానని ఆవిడకి తెలుసు. అయినా తలూపుతుంది.