చీపురెత్తుకుపోయిన పెరడు

పొద్దున్నే పిల్లలు రాకముందు పిల్లల పిన్ని చేసే మొదటి పని, విరిగిన గొడుగు ఊచ ఒకటి పట్టుకుని పెరట్లోకి దిగడం. బాదం చెట్టు మొదట్లో పరుచుకున్న ఆకులను ఊచతో అక్కడక్కడా లేపి చూస్తుంది. కింద ఏదీ కదలకపోతే ఊపిరి వదులుతుంది. తర్వాత అదే ఊచను నేలలోకి గుచ్చి, నిన్నటికంటే కాస్తయినా లోపలికి దిగుతోందా అని చూసుకుంటుంది. అది అయ్యాకే పాలు పొయ్యి మీద పెడుతుంది.

ఆ వీధిలో ఉద్యోగాలకు వెళ్లే తల్లులు తమ పసివాళ్లను ఆమె దగ్గర వదిలి వెళ్తారు. అందుకే ఆమె అందరికీ పిల్లల పిన్ని. ఇల్లు చూస్తే రెండు గదులు, పైన రేకులు. మధ్యాహ్నమైతే లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. కాబట్టి పిల్లల ఆట, తిండి, నిద్ర అన్నీ బాదం చెట్టు కిందే. ఆ నీడ లేకపోతే పిల్లలు లేరు, పిల్లలు లేకపోతే పిన్నీ లేదు.

ఒకప్పుడు ఆ పెరడంటే ఆమెకు మహా గర్వం. రోజుకు రెండు పూటలా చిమ్మేది. ఆకు రాలిన చప్పుడైతే చాలు, చీపురు చేతిలోకి వచ్చేసేది. "పిన్ని పెరట్లో మెతుకు రాలినా ఏరుకు తినొచ్చు" అని తల్లులు చెప్పుకునేవారు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్న మాట ఆమెకు చిన్నప్పుడే ఒంటబట్టింది. చిమ్మిందంతా తట్టకెత్తి వీధి చివరి చెత్త డబ్బాలో పోసి వచ్చేది.

నిరుడు ఎండాకాలం ఆ చెట్టుకు ఏదో అయింది. ముందు ఒక కొమ్మ ఎండింది, తర్వాత దాని పక్కది. నీడకు చిల్లులు పడ్డాయి. పడుకున్న పిల్లల మొహాల మీద ఎండ పడకుండా పిన్ని చాపను ఇటు లాగి అటు లాగి అలసిపోయేది. బిందెలతో నీళ్లు పోస్తే నేల ఒక్క గుక్క తాగలేదు. గచ్చు మీద పోసినట్టు నీళ్లన్నీ గేటు దాకా పారిపోయాయి. ఎవరు గేటు తీసినా, "ఇక్కడ నీడేదీ?" అని అడుగుతారేమోనని ఆమె ముందే ఎదురెళ్లి పిల్లల్ని అందుకునేది.

అలాంటి రోజుల్లోనే బొంగరం ఒక పని చేసింది. బొంగరం నర్సమ్మ కూతురు. ఒక్కచోట నిలవదు కనుక ఆ పేరు. నీళ్ల తొట్టి వెనక సందులోకి దూరి, గుప్పిట మూసుకుని బయటికొచ్చింది.

"పిన్నీ, దారం నడుస్తోంది చూడు."

గుప్పిట విప్పితే వానపాము.

"ఛీ, కింద పడెయ్. ఎక్కడ దొరికిందే నీకది?"

పిన్ని వంగి సందులోకి చూసింది. ఆ పెరట్లో చీపురు దూరని చోటు అదొక్కటే. ఏళ్ల తరబడి రాలిన ఆకు అక్కడే కుళ్లి, మట్టి నల్లగా, మెత్తగా ఉంది. వేలు పెడితే దిగిపోయింది. అంతకంటే వింత, ఆ సందులో నేల పెరటికంటే జానెడు ఎత్తున ఉంది. ఎవరో మట్టి తెచ్చి పోశారనుకుంది. సందుకు అడ్డంగా తొట్టి ఉంటే ఎవరు పోస్తారు?

లేచి ఇంటి వైపు చూసింది. మెట్టు కింద ఇటుక కనబడింది. ఆ ఇటుకను తనే వేసుకుంది, మోకాళ్లు అరిగి మెట్టు దిగలేకపోతున్నానని. పిల్లలు తట్టుకుని పడే చెట్టు వేళ్లు కనబడ్డాయి. ఒకప్పుడు అవి పైకి కనబడేవి కావు.

మళ్లీ సందు వంక చూసింది. మెట్టు పెరగలేదు, మోకాళ్లదీ తప్పు కాదు, నేలే కిందికి దిగిపోయింది. ఆకుతోపాటు పూటకో చిటికెడు మట్టి. పెరడంతా తట్టకెత్తి తనే డబ్బాలో పోసి వచ్చింది.

ఆ సాయంత్రం చీపురు వరండా దాటలేదు. బస్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ఆమె డ్రైవరు మొగుడు గేటు దగ్గరే ఆగిపోయాడు.

"చీపురు లేకుండా నిలబడితే ఎవరో అనుకున్నాను. పొరపాటున పక్కింట్లోకి వచ్చానా ఏంటి?"

"నవ్వకండి. చెట్టు చచ్చిపోతోంది."

అతను చెట్టు వంక చూసి మళ్లీ నవ్వలేదు.

మర్నాటి నుంచి పిన్ని రాలిన ఆకును చెట్టు మొదట్లోనే పోగేసి నీళ్లు చల్లసాగింది. పక్క వీధిలో ఉండే అక్క వచ్చి ముక్కు మీద వేలేసుకుంది. "ఏమే, ఒంట్లో బాగాలేదా? పెరడు దుమ్మెత్తిపోతోంది. తల్లులు చూస్తే పిల్లల్ని ఇంకోచోట చేరుస్తారు. తర్వాత చెట్టుతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చో."

అక్క అన్నట్టే ఇద్దరు మానేశారు. ఇక నర్సమ్మ వంతు.

"పిన్నీ, మీ శుభ్రం చూసే దీన్ని ఇక్కడ చేర్చాను. ఆ ఆకుల కింద ఏముంటుందో ఎవరికి తెలుసు?" అందామె.

"రోజూ లేపి చూస్తున్నానమ్మా. నేను చూడకుండా ఒక్కరినీ దింపను."

నర్సమ్మ బొంగరాన్ని వదిలి పనికి వెళ్లింది.

మర్నాడు ఊచతో ఆకు లేపితే, కింద వేలెడు పొడవు జెర్రి. పిల్లల చాప వేసే చోటుకు బారెడు దూరంలో. చెప్పుతో కొట్టి గోడ అవతల పారేసింది. వరండాలోకి పోయి చీపురు తెచ్చుకుంది. చిమ్మితే చెట్టు పోతుంది, చిమ్మకపోతే ఏ పసివాడినో జెర్రి కుడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలా నిలబడి నిలబడి, చివరికి చాప వేసేంత మేర, నడిచేంత బాట మాత్రం చేత్తో ఆకు ఏరి శుభ్రం చేసింది. మిగతా ఆకును చెట్టు చుట్టూ తోసి, దాటి పోకుండా రాళ్లు పేర్చింది. చీపురు నేలకు తగలకుండానే వరండాకు తిరిగి వెళ్లింది.

జెర్రిని ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పగలంతా ఆ మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. సాయంత్రం నర్సమ్మ రాగానే కక్కేసింది.

"పొద్దున జెర్రి కనబడిందమ్మా. పిల్లలు రాకముందే చంపేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను."

నర్సమ్మ చెట్టు వంక, రాళ్ల వంక చూసి, బొంగరం చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

తెల్లారేసరికి పెద్ద వాన. మిగిలిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు, బొంగరం రాలేదు. పిన్ని వరండాలో నిలబడి ఒక కన్ను గేటు మీద, ఒక కన్ను నేల మీద పెట్టింది. బాట మీద నీళ్లు బురదై నిలిచాయి. రాళ్ల లోపల మాత్రం నిలవలేదు. ఆకుల్లోంచి ఎటో లోపలికి పోతున్నాయి. అయినా ఆమెకు సంతోషం రాలేదు. గేటు కదల్లేదు.

వాన తగ్గాక కదిలింది. ముందు బొంగరం, మోకాళ్ల దాకా కొత్త రబ్బరు బూట్లతో. వెనక నర్సమ్మ.

"కొట్టు తీసేదాకా ఆగాల్సొచ్చింది పిన్నీ. చెట్టు దగ్గరికి వెళ్తే ఇవి వేసుకునే వెళ్లాలి. దాచకుండా చెప్పారు కాబట్టి వచ్చాను. ఇంకేది కనబడినా నాకే ముందు చెప్పాలి."

"మీకే ముందు చెప్తానమ్మా" అంది పిన్ని. పైట కొంగుతో మొహం తుడుచుకుంది. అది వాన తడే అనుకుని ఉంటుంది నర్సమ్మ.

ఎండిన రెండు కొమ్మలూ తిరిగి చిగురించలేదు. వాటిని కొట్టించేశారు. మిగిలిన చెట్టు నిలిచింది. ఇప్పుడు పిన్ని దగ్గర ఏడుగురు పిల్లలున్నారు. గేటు పక్కన వాళ్ల బూట్లు వరసగా ఉంటాయి. మెట్టు కింద ఇటుక మాత్రం ఇంకా అక్కడే ఉంది.