తొలకరికి తెగిన సర్వీసు

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం నన్ను సహాయ కార్మిక అధికారిగా అనంతపురం జిల్లాకు వేశారు. నా పైన సహాయ కమిషనరు, నా కింద ఒక అటెండరు. ఆఫీసు ఫ్యాను మాత్రం ఎవరి మాటా వినేది కాదు. పనివాళ్లకూ యజమానులకూ తగవు వస్తే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చర్చ జరపడం నా పని. అందులో వకీళ్లకు ప్రవేశం లేదు. ఈ ఉద్యోగంలో నాకు దక్కిన పెద్ద సుఖం అదే.

ఆ ఏడు వజ్రకరూరు దారిలో వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు ఒకటి మూతపడింది. వరసగా పంటలు పోయాయి, యజమాని నాగరత్నం శెట్టి మాత్రం ఏం చేస్తాడు? అయితే మిల్లు మూసేటప్పుడు పనివాడికి నోటీసు జీతం కాక, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. సర్వీసు మధ్యలో తెగకూడదు, మెలిక అక్కడుంది. మెకానిక్ మహబూబ్ బాషా ఆ మిల్లులో పెళ్లికి ముందు చేరాడు. ఇప్పుడు మనవరాలు బడికి పోతోంది. వచ్చే డబ్బుతో పిండిమర పెట్టుకుందామని ఇంటి ముందుగది ఖాళీ చేసి పెట్టుకున్నాడు.

బాషా అర్జీ మీద ఇద్దరినీ పిలిపిస్తే, శెట్టి నాకు వినయంగా నమస్కారం పెట్టి మొదలుపెట్టాడు.

"సర్వీసు యాడుండాదమ్మా? తొలకరి వాన పడితే సాలు, తాళాలు నా ముందర పడేసి వజ్రాలు ఏరనీకి పోతాడు. పోయినోడు పని మానేసినట్లే గదా? వచ్చినాక మళ్లా కొత్తగా పెట్టుకుంటాండా."

తొలి వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలితే, ఆ చుట్టుపక్కల జనమంతా తలలు వంచుకుని చేలలో తిరుగుతారు. నేనూ ఒకసారి జీపు దిగి తిరిగాను. ఏం దొరికిందో అడగకండి.

శెట్టి వాదన నిలిస్తే బాషా ఏటా కొత్త పనివాడే. చేతికొచ్చేదానితో పిండిమరకు బెల్టు కూడా రాదు. యజమాని అనుమతితో పెట్టిన సెలవైతే సర్వీసు తెగదు. అనుమతి ఇచ్చారా అని అడిగితే శెట్టి తల అడ్డంగా ఊపాడు. "చెప్పే పోతాంటి మేడం" అన్నాడు బాషా. సాక్షులెవరూ లేరు. అతని ముఖం చూస్తే నాకు బాధేసింది.

ఏం రాయాలో తోచక, నిజం చెప్పాలంటే ఊరికే కుతూహలం కొద్దీ, ఇన్నేళ్లలో ఏమైనా దొరికిందా అని బాషాను అడిగాను.

"ఒకతూరి దొరికింది మేడం. చింతగింజంత."

శెట్టి కుర్చీలోంచి లేచాడు. "ఎప్పుడప్పా? సగం నాది గదా! జీతమిచ్చి పంపినోన్ని నేను. సద్ది కట్టిచ్చింది మా ఇంట్లో. దొరికితే చెరిసగమని గాదా మన మాట?"

ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకుని, ఆయనకే చదివి వినిపించాను. జీతమిచ్చి పంపితే అది సెలవు కూడా కాదు, డ్యూటీ. శెట్టి ఫ్యాను వైపు చూశాడు. అదీ ఆదుకోలేదు. చివరికి ఆయనే నవ్వేసి, మొత్తం సర్వీసుకూ పరిహారం ఇస్తానని రాజీ ఒప్పందం మీద సంతకం చేశాడు. నాకు ఈల వేయాలనిపించింది కానీ హోదా అడ్డొచ్చింది.

సంతకాలయ్యాక కూడా శెట్టి కదల్లేదు. "ఆ రాయేదప్పా?"

"అప్పుడే చూపిస్తి గదన్నా. ఎండలో తిప్పి చూసి, ఉత్త గాజుపెంకు, పారెయ్ అంటివి. పారేస్తి."

శెట్టి గడ్డం గోక్కున్నాడు. "యాడ పారేసినావు?"

ఇద్దరూ ఒకే మోపెడ్ మీద వెళ్లిపోయారు.

పనివాడు పనిలో లేని రోజుల గురించి తగవు వస్తే, ఎక్కడికి పోయాడని కాదు, ఎవరు పంపారని ముందు అడగాలి. రిటైరయ్యేదాకా నా మొదటి ప్రశ్న అదే. బాషా పిండిమర పెట్టాడు, బాగానే నడుస్తోంది. తొలకరి వాన పడితే మాత్రం దానికీ తాళమే. ఇప్పుడు శెట్టి అతన్ని పంపడం లేదు, సద్ది కట్టించుకుని తనే వెంట పోతున్నాడు.