ఊపిరి తీసుకోని గాయని

నా భార్యకు గొంతులో కేన్సర్ అని తెలిసేనాటికి మా అమ్మాయి కాలేజీలో రెండో సంవత్సరం. మదురైలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇంటికి వచ్చాక చెప్పాలనుకున్నది చిన్న నోటుపుస్తకంలో రాసేది. తెలుగు అక్షరాలు ఆమెకు రావు. తరతరాలుగా తమిళనాట ఉన్న మా రాజపాళయం తెలుగువాళ్లలో చాలామందికి రావు. నేనూ నలభై దాటాకే నేర్చుకున్నాను. తమిళ అక్షరాల్లో మా తెలుగు రాసి చూపించేది.

ఆ రోజుల్లో అమ్మాయి చెవులు పూర్తిగా మూసుకుపోయే పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని జపాన్ కార్టూన్లు చూస్తుండేది. వాటిలో పిల్లలు కూడా బడికి నడుస్తూ, రైల్లో కిటికీ పక్కన కూర్చుని, అలాంటివే పెట్టుకుని ఉంటారు. చెవులట్లా మూసుకుంటే అమ్మ పిలిచినా వినబడదని ఒకసారి కోప్పడ్డాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. నా భార్య అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. జపాన్‌లో గొంతే లేని గాయనులు ఉన్నారట. ఎవరో పలికిన అక్షరాలను ముక్కలు చేసి కంప్యూటర్‌లో పెడతారట. మాటలూ వరసా మనం ఇస్తే ఆ గొంతు పాడుతుందట. పాడేది తెర మీది బొమ్మే అయినా జనం హాలు నిండా చేరి రంగు లైట్లు ఊపుతారట. తన చిన్నప్పుడు వాళ్లమ్మ సొంతంగా కట్టి పాడిన జోలపాటను అమ్మాయి అందులో పాడించింది. హెడ్‌ఫోన్ తీసి అమ్మ చెవులకు పెట్టింది.

జపాన్ గొంతుకు మన 'ల' సరిగా పలకదు. 'నిద్రపో పిల్లా' అన్నచోట 'పిర్రా' అని పాడింది. నా భార్య భుజాలు కదిలాయి. నవ్వుతోందని తెలియడానికి నాకు కాసేపు పట్టింది. శబ్దం లేదు. మెడలో ఊపిరి కోసం పెట్టిన రంధ్రం మీది గుడ్డను చేత్తో అదిమిపట్టుకుని నవ్వింది. తరువాత పుస్తకం తీసి రాసింది: "ఈ పిల్ల ఊపిరే తీసుకోదే."

అమ్మాయి కూడా నవ్వింది. ఆ గొంతు వద్దు, అమ్మ గొంతే తయారు చేయొచ్చు, పాత రికార్డింగులు కావాలి అని నావైపు తిరిగింది.

"నాయనా, అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు నీ ఫోన్‌లో ఉండాయి గదా?"

నేను బ్యాండేజీ గుడ్డ నేసే యూనిట్‌లో సరుకు పంపే పని చూస్తాను. ప్రతి బండిల్‌కూ ఫొటో తీయాలి. ఆపరేషన్‌కు నెల ముందు ఫోన్ నిండిపోయింది.

"అంతా డిలీట్ చేసేసినాను," అన్నాను.

నా భార్య నన్ను చూసి, పుస్తకంలో ఏదో రాయబోయి, పెన్ను మూసేసింది.

తరువాత చాలా వెతికాం. పెళ్లి వీడియోలో ఆమె నోరు కదులుతుంది గాని మేళం మోతే వినబడుతుంది. చివరికి తళవాయిపురంలో ఉన్న మా అక్క ఫోన్‌లో ఒక్కటి దొరికింది. "సరి వదినా, అప్పురం మాట్లాడుతాను." తరువాత మాట్లాడతానని, అంతే. దానితో గొంతు తయారు కాదని అమ్మాయి చెప్పింది. నా భార్య దాన్ని ఒకసారి విని హెడ్‌ఫోన్ తిరిగిచ్చేసింది. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు అమ్మాయికి చెన్నైలో ఉద్యోగం. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తుంది. వాళ్లమ్మ పెదవులు కదిలిస్తే చాలు, అన్నీ అర్థమవుతాయి దానికి. ఒకే ఇంట్లో ఉన్న నాకు ఇంకా సగం తెలియదు. మళ్లీ చెప్పమంటాను. ఆమె రెండుసార్లు చెబుతుంది. మూడోసారి అడిగితే ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోతుంది.