చీమలు తిన్న త్రిభుజం

మా లెక్కల సారు పోయారని పోయిన మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. నేను చిత్తూరు బస్సులో ఉన్నాను, బ్యాంకులో నా ఉద్యోగానికి వెళ్తూ. ఎప్పుడు, ఎట్లా అని అడగాలి కదా. నా నోటి నుంచి మాత్రం "చివర్లో ఏమన్నా అడిగినారా?" అని వచ్చింది. ఏదో ఒకటి అడగకుండా ఆయన ఉండలేరు. "సెలైన్ నిమిషానికి ఎన్ని సుక్కలు పడతాయని నర్సును అడిగినాడక్కా. ఆయమ్మ సెప్పేలోపల ఆయనే లెక్కబెట్టేసినాడు," అని ఏడ్చింది. నేను నవ్వి, ఆ తర్వాత ఏడ్చాను. పక్క సీటామె ఏమనుకుందో తెలీదు.

నాకు పుట్టుక నుంచీ చూపు లేదు. ఇది ముందే చెప్పేస్తే మీకు మిగతాది సులువు. ఐరాల పక్కన మాదొక పల్లె. అయిదో తరగతి దాకా ఊళ్లో బడిలో కూర్చుని విన్నాను. ఆరుకు హైస్కూలుకు పోతే హెడ్మాస్టరు మా నాయనతో, "ఈడ ఈ పాపకు సెప్పేవాళ్లు లేరప్పా. ఇట్లాంటి పిల్లోళ్లకు దూరంగా వేరే బడి ఉండాది, హాస్టల్లో ఏసెయ్," అన్నారు. అమ్మ పంపనంది. ఏడాదంతా ఇంట్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ గడిపాను. నేను వింటుండగానే మా వాళ్లు నా చదువు అయిపోయిందని చెప్పుకునేవారు.

మరుసటి జూన్‌లో ఆ హైస్కూల్లోనే లెక్కలు చెప్పే సారు మా గడప దగ్గరికి వచ్చారు. బడికి రాని పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగితే, "ఉండాది సార్, కండ్లు లేవు," అంది అమ్మ.

"కండ్ల సంగతి అట్లుండనీమ్మా," అని నా ముందు కూర్చున్నారు. "మ్మా, నా క్లాసులో కూర్చోవాలంటే నీకేం కావాల?"

అంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు. అయ్యో పాపం అన్నవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు. "బోర్డు మీద రాసేది నోటితో సెప్పండి సార్," అన్నాను.

"అంతేనా?"

"ఇప్పటికి అంతే."

హెడ్మాస్టరు సులువుగా ఒప్పుకోలేదు. సారు గొంతు పెంచకుండానే, "సీటు పాపది సార్. మనం దానం జేసేది కాదు," అన్నారు. చివరికి, క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కలు తప్పితే మళ్లీ మా నాయనను పిలిపిస్తానని హెడ్మాస్టరు తేల్చేశారు. నాకున్నది మూడు నెలలు.

మాట ఇచ్చినంత తేలిక కాదు కదా నిలబెట్టుకోవడం. సారు రాసుకుంటూ మైమరచి, "దీన్ని దీంతో కలిపితే ఇదొస్తాది," అనేవారు. నేను లేచి "ఏది సార్?" అనేదాన్ని. వారం తిరిగేసరికి క్లాసు మొత్తం "ఏది సార్?" అనడం మొదలుపెట్టింది. "నీ పుణ్యాన వెనక బెంచీకి గూడా లెక్కలొచ్చినాయి మ్మా," అని ఆయన మురిసిపోయేవారు.

త్రిభుజం దగ్గర చిక్కొచ్చింది. గీత నా వేలికి తగలాలి. సారు వాళ్లది బెల్లం వండే ఇల్లు. ఒకరోజు గట్టి పాకంతో అట్ట మీద త్రిభుజం గీసి, ఆరబెట్టి తెచ్చారు. తడిమి చూస్తే మూడు భుజాలు, మూడు మూలలు, అన్నీ చక్కగా తెలిశాయి. బీరువాలో పెట్టి మర్నాడు తీస్తే రెండే భుజాలు మిగిలాయి. "ఒక భుజం సీమలు తినేసినాయి మ్మా," అన్నారు దిగులుగా. దాంట్లో చీమల వాటా ఎంతో, నా వాటా ఎంతో నేను చెప్పలేదు. ఆ తర్వాత దారం, మైదా జిగురుకు మారారు.

క్వార్టర్లీలో నేను చెబుతుంటే మా ఊరి బడి నుంచి వచ్చిన అయిదో తరగతి అమ్మాయి రాసింది. అరవై ఒకటి వచ్చాయి. మా నాయనను ఎవరూ పిలిపించలేదు. సారు మెచ్చుకుంటారనుకుంటే, "మిగతా ముప్పై తొమ్మిది యాడ పోయినాయి?" అన్నారు.

రెండు నెలల కింద సారును చూడబోయినప్పుడు, ఆ రోజు మా ఇంటికే ఎందుకు వచ్చారని అడిగాను. 

"నీ కోసం రాలేదు మ్మా. ఉద్యోగంలో సేరిన కొత్తల్లో ఒక పిల్లోడు, కాళ్లు సచ్చుబడినాయి, దేక్కుంటా వచ్చేవాడు. లెక్క సెప్పకముందే జవాబు సెప్పేవాడు. మరుసటి ఏడాది వాడి క్లాసు మేడ మీదికి మారింది. మెట్లెక్కలేడు, ఇంట్లోనే పెట్టుకోప్పా అని వాళ్ల నాయనతో నేనే సెప్పినా. క్లాసునే కిందికి దించొచ్చని నాకు తోసలా మ్మా. తోసి వాళ్లింటికి పోయేసరికి పనికి తమిళనాడు దిక్కు పోయినారంట. అప్పట్నుంచి ఏటా జూన్‌లో ఊరూరా అడగతా ఉండా. నువ్వు దొరికినావు. వాడు దొరకలా."

నా చదువు, నా జీతం, ఆ పొద్దున ఆయన్ను చూడటానికి బస్సులో ఒంటరిగా వచ్చిన నా ధైర్యం, అన్నీ ఎవరో ఒక పిల్లవాడు పోగొట్టుకున్న చోటు నుంచి మొదలయ్యాయి. అతని పేరైనా నాకు తెలియదు.

మా బడికీ మేడ ఉంది. సారు మాత్రం అన్నేళ్లూ ఏ క్లాసైనా గేటు పక్కన, నేలకు సమంగా ఉన్న వరండాలోనే చెప్పారు. గాలి కోసమేమో అనుకునేవాళ్లం. వాన జల్లు కొడితే పుస్తకాలు ఒళ్లో దాచుకుని గొణుక్కునేవాళ్లం. ఆయన కదిలేవారు కాదు. ముందు వరుసలో ఉన్న మాకు అంత గట్టిగా చెప్పనక్కర్లేదు. ఆ గొంతు మా తలల మీదుగా వానలోకి, గేటు దాకా వెళ్లేది.